రాకాసి గుడి మీది బండ

ఈరోజు పొద్దున నేను చేయకూడని పని చేశాను. సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్‌లోని మా ఫ్లాట్ వంటింట్లో కూర్చుని, వీడియో కాల్‌లో చూస్తూ, మా ఊరి చేనులో ఉన్న బృహత్ శిలాయుగపు సమాధి పైబండను లేపించాను.

మా వైపు దాన్ని రాకాసి గుడి అంటారు. నాలుగు నిలువు బండలు, వాటి మీద మంచం కన్నా వెడల్పయిన పైబండ. ఆ చేను నాదీ మా అన్నదీ. ట్రాక్టర్ లోపలికి రావడానికి అడ్డుగా ఉందని, తీసేద్దామన్నాడు అన్న.

"షిప్‌యార్డ్‌ల గంతగంత బరువులు లేపిస్తవు, ఇదెంత తమ్మీ?"

ఆ మాటకు పొంగిపోయాను. బరువులు ఎత్తించడం నాకు బాగా తెలిసిన పని. యార్డులో ఏ బరువునైనా చుట్టూ తిరిగి చూడనిదే క్రేన్‌కు చెయ్యి ఊపను. ఇక్కడ మాత్రం ఫోన్‌లో కనిపించిన ఒక్క వైపే చూసి, జేసీబీ గొలుసు ఎక్కడ కట్టాలో చెప్పాను.

అటు వైపు బండకు పగులుంది. జానెడు లేచిందో లేదో, మూల విరిగిపడింది. ఒక నిలువు బండ ఒరిగింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"ఎట్లాగు ఇరిగె. మొత్తం తోసేద్దామా?" అన్నాడు అన్న.

నేను జవాబు చెప్పేలోపే మా పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. ఏటా విత్తనం వేసే ముందు ఆ బండకు పసుపు రాసేది ఆమే.

"సింగపూర్ల కూసొని ఊర్లె బొందలు తవ్విపిస్తున్నవారా? మీది కప్పు తీస్తే లోపలోళ్లకు ఎండ తగలదా?"

"లోపల ఎవరున్నరు పెద్దమ్మా? ఎన్నడో మట్టయిపోయిన్రు."

"మీ తాత గూడ మట్టయిండు. ఆయన గోరీ మీదికెల్లి తోలుతవా ట్రాక్టరు?"

నాదే తప్పని ఆమెతో అన్నాను. "సరే, ముందుగాల ఆపిపియ్యి" అని ఫోన్ అన్నకిచ్చేసింది.

"ఆపించు అన్నా. తోసుడు లేదు."

"మరి దారి?"

"నా పాలుకొచ్చిన భూమి అంచు నుంచి తీసుకో. నేనిస్తున్న."

అన్న కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఫోన్‌ను చుట్టూ తిప్పించి, అన్ని వైపులా చూశాకే, ఇంకా గొలుసుకే ఉన్న బండను మెల్లగా దింపించాను. ఒరిగిన రాయికి మొద్దులు ఆనించారు. మధ్యాహ్నం పురావస్తు శాఖకు మెయిల్ రాశాను. విరగడానికి కారణం డ్రైవరూ కాదు, అన్నా కాదు, గొలుసు అక్కడ కట్టమన్న నేనేనని అందులో స్పష్టంగా చెప్పాను. సరిచేసే ఖర్చు భరిస్తానని కూడా రాశాను. ఆ తర్వాత యార్డు మేనేజర్‌కు ఫోన్ చేసి సెలవు అడిగాను. పురావస్తు శాఖ వాళ్లు వచ్చి చూసే రోజు నేను ఆ చేనులో ఉంటాను.