డిసెంబరు పళ్లేలు

పోయిన మంగళవారం మా అక్క ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. బసంత్‌నగర్‌లో సిమెంటు లోడు కోసం లారీల వరసలో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేసింది. "కొడుకా, అక్క లేదురా" అన్నది, అంతే. రెండేళ్లుగా కిడ్నీల జబ్బు. ఎదురుచూసిన కబురే. అయినా ముందున్న లారీ కదిలి, వెనకవాళ్లు హారన్ కొడుతున్నా నాకు గేరు వెయ్యాలని తోచలేదు.

మీలో చాలామందికి ఆమె సండే స్కూల్ టీచర్. నాకు గుర్తొచ్చే అక్క ఎప్పుడూ డాబా మీదే ఉంటుంది.

నేను తొమ్మిదిలోనే బడి మానేశాను. పంక్చర్ షాపు, మొబైల్ షాపు, లారీ. ఎక్కడా ఆరు నెలలు నిలవలేదు. అక్క ఒకే పనిని ఏళ్లకేళ్లు పట్టుకుంది. గోదావరిఖనిలో మన ఇళ్ల మీద ఎంత బొగ్గు దుమ్ము రాలుతుందో తూచి చెప్పడం ఆమె పీహెచ్‌డీ. మా క్వార్టర్ డాబా మీద ఆరు స్టీలు పళ్లేలు పెట్టింది. నెలాఖరున వాటిలో పడ్డ దుమ్మును మెత్తటి బ్రష్షుతో కాగితం పొట్లాల్లోకి ఊడ్చి, యూనివర్సిటీకి తీసుకెళ్లి తూచేది. అట్లా పన్నెండు నెలలు చెయ్యాలి.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయితే కిటికీలు గలగలమనేవి. కాసేపటికి ఎండలో సన్నగా ఏదో మెరుస్తూ దిగేది. "చూడురా తమ్మీ, ఎంత నిమ్మలంగ దిగుతుందో" అనేది అక్క. నేను తుడుచుకునే దుమ్మునే ఆమె కలలో చూసినట్టు చూసేది.

బంద్‌లతో యూనివర్సిటీ మాటిమాటికీ మూతపడేది. తెరిచినప్పుడల్లా వాళ్ల గైడ్ సార్ తొందరపెట్టేవాడు. అయినా అక్క ఆదివారం పుస్తకం ముట్టేది కాదు.

"మీ సార్ కంటె యేసయ్యనే నయం, సెలవిస్తడు" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"సెలవు గాదురా, హాజరు" అనేది.

ఫిబ్రవరిలో మొదలైన ఆ లెక్కలో డిసెంబరు పదకొండో నెల. క్రిస్మస్‌కు ముందు మన ఇళ్లకు సున్నం వేసి, డాబా మీద నక్షత్రం కడతాం కదా. నక్షత్రం కట్టడానికి అమ్మ పైకెక్కింది. పది నెలలు ఓపిక పట్టిన మనిషి పండగ ముందు ఆగలేకపోయింది. ఆరు పళ్లేలూ బూడిదతో తోమి, మెరిసేలా కడిగి, వరసగా పెట్టింది.

"చూసినోళ్లు ఏమనుకుంటరు బిడ్డా? కడిగి మల్ల ఆడనే పెట్టిన గదా!"

అక్క మెట్ల మీద కూలబడింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపు.

మంచిర్యాలలో ఒక కాలేజీవాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు, ఎండాకాలం లోపల థీసిస్ ఇచ్చేస్తే. గైడ్ సార్ దారి చెప్పాడు: "నవంబరు, జనవరి కలిపి సగం చెయ్యమ్మా, డిసెంబరు వచ్చేస్తుంది. ఎవరు చూస్తారు?"

"ఆ నెల పళ్లేలు మా అమ్మ కడిగింది సార్" అందట అక్క. సార్ నవ్వాడట, ఆ తర్వాత కోప్పడ్డాడట.

ఆ రోజుల్లో ఆమె అన్నం ముందు ప్రార్థనకు కళ్లు మూసుకుంటే ఎంతకీ తెరిచేది కాదు. చూడలేక నేనే ఆమె నోటుబుక్కు తీశాను. రెండు నెలలూ కలిపి, సగం చేసి, ఖాళీ గడిలో పెన్సిల్‌తో రాసి పెట్టాను. ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకున్నాను.

మర్నాడు పొద్దున అక్క నన్ను పిలిచింది.

"లెక్క కరెక్టే చేసినవ్‌రా. గానీ ఇది మన పళ్లెంల పడలే."

"ఉద్యోగం పోతదక్కా!"

"తెల్సు. నేను గూడ ఒకపారి గా అంకె రాసి చూసిన తమ్మీ. మంచిగనే కనిపిచ్చింది. గందుకే భయమైంది."

రబ్బరుతో తుడిచేసి, ఆ పొడిని ఉఫ్‌మని ఊదింది.

ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది. అక్క ట్యూషన్లు చెప్పుకుంటూ మళ్లీ డిసెంబరు కోసం ఆగింది. ఆ నెలంతా అమ్మే కర్ర పట్టుకుని పళ్లేల దగ్గర కాకులను తోలింది. మొదటిసారి పళ్లేలు ఎవరు కడిగారో, డిసెంబరు మళ్లీ ఎందుకు కొలవాల్సి వచ్చిందో అక్క థీసిస్‌లో రాసింది. చదివి వినిపిస్తే అమ్మ నెత్తి కొట్టుకుంది. "గంత పెద్ద సదువుల నేను బోళ్లు తోమింది రాసినవా!"

చదువు అయిపోయాక ఐదు పళ్లేలు వంటింటికి వచ్చాయి. ఒకటి డాబా మీదే ఉంచింది. ఎందుకని అడిగితే, "ఉండనీ" అంది.

సమాధి దగ్గరి నుంచి వచ్చాక నేను పైకెక్కాను. ఆమె దవాఖానకు వెళ్లినప్పటి నుంచి పడ్డ దుమ్ము ఆ పళ్లెంలో మెత్తగా పరుచుకుని ఉంది. అలవాటుగా భుజం మీది తువ్వాల తీసి వంగాను.

"తుడువకు కొడుకా" అంది అమ్మ, వెనక మెట్ల మీద నుంచి.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇద్దరం పళ్లేనికి చెరో పక్కన కూర్చున్నాం. ఎక్కడో బ్లాస్టింగ్ అయింది, కింద కిటికీలు గలగలమన్నాయి. కాసేపటికి ఎండలో సన్నగా మెరుస్తూ, నిమ్మళంగా దిగడం మొదలైంది.