చెయ్యి చుట్టం, నడుము ఇంటాయన

పార్థసారథి సారుకు ఒక్కటే పిచ్చి. లోకంల ఎవ్వడు ఏ పని చేసినా నడుము తిప్పి చెయ్యాలె. బంతి కొట్టినా నడుమే, బావిల నీళ్లు చేదినా నడుమే, తలుపు తీసినా నడుమే. ఒకపారి వాచ్‌మన్ చంద్రయ్య తుమ్మవోతుంటే ఆపి, "ఆగవయ్యా, ఎడమ భుజం ముందుకు పెట్టి తుమ్ము" అన్నడు. చంద్రయ్యకు వచ్చిన తుమ్ము వచ్చినట్టే పోయింది. మూడు దినాలు ముక్కు పట్టుకోని తిరిగిండు పాపం.

నేను బిక్షాన్ని. యూనివర్సిటీ టెన్నిస్ కోర్టుల కూలి. మొరం కోర్టు అది. ఊడ్సుడు, నీళ్లు చల్లుడు, రోలరు గుంజుడు, సున్నంతోటి గీతలు కొట్టుడు, నెట్టు కట్టుడు, అన్నీ నేనే. నాలుగో తరగతిల బడి బంద్ పెట్టిన. అటెన్క ఏమన్న సదువుకున్ననంటే సారు దగ్గరనే. అది గూడ నాకు ఇష్టం లేకుంట.

సారు కోర్టుల బంతాట నేర్పుతడు. యాభై ఏండ్ల మనిషి, సన్నగ ఎదురుబొంగు లెక్క ఉంటడు. తెల్ల నిక్కరు, తెల్ల అంగి, తలకాయ మీద టోపీ. మనిషి మంచోడే. నోరే ఒక్క క్షణం ఆగది.

నా బాధ ఏందంటే, నాకొక గుట్టున్నది. కుడి భుజం. హాస్టళ్లు కట్టేటప్పుడు పదేండ్లు కంకర తట్టలు మోస్తి. అరవై ఆరో సంవత్సరం ఎండకాలం సంది ఆ చెయ్యి ఛాతీకంటె పైకి లేస్తలేదు. ఇంట్ల నా పెండ్లాం కాశమ్మకు తప్ప ఎవ్వరికీ చెప్పలే. చెప్తే ఓవర్సీరు చెవుల పడ్తది. పడ్డదా, మస్టర్ల నా పేరు మీద గీత కొడ్తడు. మస్టరంటే కూలోళ్ల పేర్ల బుక్కు. అండ్ల పేరుంటే కూలి, లేకుంటే తార్నాక చౌరస్తల పార పట్టుకోని నిలవడుడే. చెయ్యి లేవనోన్ని ఆ చౌరస్తల ఎవడు పిలుస్తడు?

అందుకే నేను సప్పుడు లేకుంట పని చేసుకునేటోన్ని. ఎవ్వరూ నా దిక్కు చూడొద్దని. గట్లాంటి నాకు దేవుడు గీ సారును తెచ్చి అంటగట్టిండు.

ఒకనాడు పొద్దుగాల నీళ్లు చల్లుతున్న. ఎనుకకెంచి కేక.

"బిక్షం! ఏం చేస్తున్నావు?"

"నీళ్లు చల్లుతున్న సారూ."

"దేంతో?"

"బకీటుతోటి."

"అది కాదయ్యా. ఒంట్లో దేంతో?"

"చేతితోని సారూ. మరి కాళ్లతోని చల్లాల్నా?"

"ఆఁ! కాళ్లతోనే!" అని ఎగిరి గంతేసిండు. "ఇన్నాళ్లకు ఒక్కడు సరిగ్గా చెప్పాడు! బలం నేలలో ఉంటుంది బిక్షం. కాలు నేలను తొక్కుతుంది, నడుము తిరుగుతుంది, నడుము వెంట ఛాతీ, ఛాతీ వెంట భుజం. చెయ్యి అన్నిటికంటే ఆఖరున రావాలి. చెయ్యి చుట్టమయ్యా. ఇంటాయన నడుము. పనంతా ఇంటాయనతో చేయించు. చుట్టం వెనకాల వచ్చి చెయ్యి కడుక్కుంటుంది."

"అట్లనే సారూ. పొద్దెక్కుతున్నది, జర చల్లనియ్యున్రి."

చల్లనిస్తే సారెందుకైతడు? ఖాళీ బకీటు ఇచ్చి ఇరవై మాట్ల తిప్పిచ్చిండు. ఆట నేర్సుకునే కాలేజీ పిల్లలంత గోడెక్కి కూసోని నవ్వుతున్నరు. "పక్కకు తిరుగు! ఎడమ భుజం నెట్టు వైపు చూడాలి! ఇప్పుడు విప్పు! తాడు చుట్టి వదిలిన బొంగరంలా విప్పు!" నలభై రెండేండ్లకు నేను బొంగరమైతి. ఎవ్వరూ చూడొద్దని మొక్కుకుంటే, కోర్టంత నా దిక్కే చూస్తున్నది.

పోనీ, కోర్టుల ఒక్కటే ఉంటదా గీ లొల్లి? తార్నాకల ఇరానీ హోటల్ల చాయ్ తాగుదామని పోతే గాడ గూడ దిగుతడు. చాయ్ పోసే మాస్టరును పట్టుకోని, "మణికట్టుతో పోస్తావేమయ్యా, నడుము!" అంటడు. మాస్టరు మర్యాద మనిషి. నడుము తిప్పిండు. చాయ్ కప్పుల పడలే, పక్క టేబుల్ల లక్ష్మయ్య ఒళ్లె పడ్డది. లక్ష్మయ్య బస్సు కండక్టరు. డ్యూటీ బట్టలు. "సారూ, నీ కాల్మొక్త," అన్నడు లక్ష్మయ్య తుడుసుకుంట, "నిన్ననే బస్సు గంట తాడు నడుముతోటి గుంజమంటివి. గుంజిన. తాడు తెగింది. ఇయ్యాల చాయా?"

"తాడు తెగిందా?" సారు మొకం వెలిగిపోయింది. "చూశావా మరి, ఎంత బలమో!"

ఇంక ఆయన సొంత ఆట సంగతి చెప్పాల్నా? బ్యాటు ఎనుకకు పట్టి, ఎదురుగున్నోనికి వీపు కనవడేటంత తిరుగుతడు. అటెన్క గిర్రున విప్పుతడు. ఠప్! బంతి నెట్టు దాటుతది, గీత దాటుతది, కంచె దాటుతది, సీతాఫలం చెట్లు దాటుతది. సారు టోపీ ఒక దిక్కు, సారు ఒక దిక్కు.

"బలం చూశావా బిక్షం?"

"బలం చూసిన సారూ. బంతే కనవడుతలేదు."

బంతి ఎతుక్కొచ్చుడు ఎవని పని? నా పనే. ఆ రాళ్లల్ల, ఆ ముండ్లల్ల. ఒక బంతి ఎవలిదో బర్రె నోట్ల దొరికింది. దాంతోని కొట్లాడి గుంజుకొచ్చిన.

ఒకనాడు సారు మా ఇంటి మీదికే వచ్చిండు. మా ఇల్లు తార్నాక దిక్కు, కూలోళ్ల గుడిసెలల్ల. కాశమ్మ ఎనుక గోడకు పిడుకలు కొడుతున్నది. పెండ ముద్ద కుడి చేతిల పట్టి, పక్కకు తిరిగి, నడుమంత విప్పి గోడకు కొట్టిందంటే, ఫట్! తొవ్వపొంటి పోయే కుక్క గూడ ఉలికిపడ్తది. సారు సైకిల్ దిగి గాడనే నిలవడ్డడు. కండ్లు పెద్దగైనయ్.

"బిక్షం! ఇదయ్యా ఫోర్‌హ్యాండు! ఇరవై ఏళ్ల నుంచి నేను వెతుకుతున్న ఫోర్‌హ్యాండు!"

"అది పిడుక సారూ."

తెల్లారి పదిమంది కాలేజీ పిల్లలను తోలుకోని వచ్చిండు. తెల్ల బట్టలేసుకోని, చేతులల్ల బ్యాట్లతోటి వాళ్లంత వరుసగ నిలవడ్డరు. కాశమ్మ కొంగు సదురుకున్నది.

"ఏందయ్యా గిది? పెండ కొడుతుంటే చూస్తందుకు గింతమంది వచ్చిన్రా? వీళ్లకు సదువు చెప్పెటోళ్లు లేరా?"

"చెయ్యి చూడొద్దు, ఆమె నడుము చూడండి," అన్నడు సారు పిల్లలతోని.

"నడుము చూసుడేంది? ముద్ద మొకాన పడ్తది సూడు!" అని కాశమ్మ ముద్ద లేపింది. పిల్లలు రెండడుగులు ఎనుకకు పోయిన్రు. సారు కదల్లే. "లేపేటప్పుడు కూడా చూడండి, ఎడమ భుజం ఎంత బాగా తిప్పిందో!"

పదిమందిల సుబ్బలక్ష్మి అని ఒక బక్క పిల్ల ఉండె. ఆ పిల్ల కొట్టిన బంతి ఏనాడూ నెట్టు దాటలే. ఆ పిల్ల కొంగు బిగిచ్చి, కాశమ్మ పక్కన నిలవడి, నాలుగు పిడుకలు కొట్టింది. మర్నాడు కోర్టుల గట్లనే తిరిగి కొడితే బంతి నెట్టును చింపుకోని అవుతలికి వడ్డది. అందరూ చప్పట్లు. సారు కండ్లల్ల నీళ్లు. నెట్టు కుట్టుడు నాకు.

గట్ల నడుస్తున్నది కథ. అంతల ఒకనాడు కబురొచ్చింది. ఓవర్సీరు కూలోళ్లను పరీక్ష చేస్తడంట. పని చేతగానోళ్ల పేర్లు మస్టర్లకెంచి తీసేస్తడంట. సోమవారం కోర్టు వంతు.

సారు దగ్గరికి పోయి దండం పెట్టిన. "సారూ, సోమవారం ఒక్కనాడు మీరు సప్పుడు చేయకున్రి. నా దిక్కు రాకున్రి. మీ నడుము మీ దగ్గరనే ఉండనియ్యున్రి."

"సరే సరే," అన్నడు. ఆయన సరే అన్నడంటేనే నాకు గుండెల రాయి పడ్డది.

సోమవారం ఓవర్సీరు వచ్చిండు. పొట్ట ముంగట, మనిషి ఎనుక. మస్టరు బుక్కు చంకల. "ఏయ్, నీళ్లు చల్లు," అన్నడు.

బకీటు నింపిన. చేతితోని ఎత్తబోతే భుజంల కత్తి దిగినట్టైంది. ఏం చేద్దు? సారు మీదున్న కోపమంత నడుముకు మర్లిచ్చి, పండ్లు కొరుక్కోని, పక్కకు తిరిగిన. కాలు తొక్కిన. నడుము విప్పిన. చెయ్యి ఊరికెనే ఎంట వచ్చింది. నీళ్లు విసనకర్ర లెక్క పరుచుకోని అవుతలి గీత దాక పోయినయ్. నాకే నమ్మబుద్ధి కాలే.

ఓవర్సీరు గడ్డం గోక్కున్నడు. "చల్లుడు మంచిగనే ఉన్నది. గని నీ చేతిల ఏదో మతలబున్నది. ఏదీ, కుడి చెయ్యి పైకెత్తు."

అయిపోయింది అనుకున్న. ఛాతీ దాక లేపిన. గాడ ఆగింది. "ఇంకా పైకి," అన్నడు ఓవర్సీరు బుక్కు తెరుసుకుంట.

"చెయ్యి ఎందుకయ్యా ఎత్తిస్తున్నావు?" కేక. కంచె తలుపు తోసుకోని సారు ఉరికొస్తున్నడు. "చెయ్యి చుట్టమని నీకెవరూ చెప్పలేదా? ఇంటాయన్ని వదిలేసి చుట్టాన్ని పరీక్ష చేస్తావా? ఇదిగో, ఈ బ్యాటు పట్టుకో!"

"సారూ, నాకు పనున్నది..."

"రెండు నిమిషాలు! పక్కకు తిరుగు! ఆ పొట్టను ఇటు తిప్పు. ఎడమ భుజం నెట్టు వైపు! ఇంకా! ఇంకా! ఇప్పుడు విప్పు!"

ఓవర్సీరు విప్పిండు. నడుముల టక్కుమని సప్పుడైంది. "అమ్మా" అనుకుంట రోలరు మీద కూలవడ్డడు. సారు ఆయన ముంగట నిలవడి ఇంక చెప్తనే ఉన్నడు, "తప్పు చేశావు, కాలు తొక్కకుండా తిప్పావు, లే, మళ్లీ చేద్దాం." మళ్లీ అన్న మాట ఇని ఓవర్సీరు బుక్కు గుంజుకోని నా పేరు ముంగట సంతకం గీకిండు. ఎంట తెచ్చుకున్న ఇద్దరు కూలోళ్ల భుజాలు పట్టుకోని కుంటుకుంట పోయిండు.

కోర్టు ఖాళీ అయింది. సారు టోపీ దులుపుకోని, ఎన్నడు లేనిది మెల్లగ అడిగిండు.

"బిక్షం, ఆ భుజం ఎన్నాళ్లుగా?"

"మీకెట్ల ఎరుక సారూ?"

"మొదటి రోజే. నెట్టు ఎడమ చేత్తో కట్టావు."

నాకు కోపమొచ్చింది. నిజంగనే వచ్చింది. "ఎరుకుండి గూడ అంతమంది ముంగట నా మీద ఒర్రిన్రా? నన్ను బొంగరం చేసిన్రా? ఎవ్వలన్న నా చెయ్యి చూస్తే నా బతుకేంగాను?"

సారు బంతి నేలకేసి కొట్టుకుంట అన్నడు, "నేను ఒర్రకపోతే వాళ్లు నీ చెయ్యి చూస్తారయ్యా. ఒర్రితే నన్ను చూస్తారు."

గోడెక్కిన పిల్లలు నవ్వింది ఎవ్వరిని చూసి? నన్ను చూసి కాదు. సారును చూసి. నాకు గప్పుడు తెలిసింది. దండం పెడ్దామనుకునే లోపట్నే ఆయన సుబ్బలక్ష్మి మీద ఒర్రుడు షురూ చేసిండు.

ఓవర్సీరు పదిహేను దినాలకు మళ్ల డ్యూటీల చేరిండు. గేటు దగ్గర ఆగి నన్ను సైగ చేసి పిలిచిండు.

"సారున్నడా?"

"ఉన్నడు. పిలవాల్నా?"

"వద్దు వద్దు!" అని రెండు చేతులు నడుము మీద పెట్టుకున్నడు. అప్పటి సంది నా హాజరు గేటు బయటనే నిలవడి తీసుకుంటడు. పేరు పిలుస్తడు, నేను లోపటికెంచి కేకేస్త, ఆయన టిక్కు కొట్టి పోతడు. ఎవని భుజం ఎంత దాక లేస్తదో గేటు బయటికెంచి ఎవ్వనికి కనవడ్తది?