మార్కులమ్మ అడిగే మూడు మాటలు

ఆ వృద్ధుల నివాసంలో అందరూ ఆమెను మార్కులమ్మ అనేవారు. ముఖం మీద కాదు, ఆమె గది దాటాక. ఆ పేరు తన చెవిన పడ్డ రోజున ఆమె నొచ్చుకోలేదు సరికదా, తన పనిని ఇంత పొట్టిగా ఇంకెవరూ చెప్పలేరనుకుంది.

పని నిజంగా అంతే. పద్నాలుగేళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి, నడుం పట్టేశాక ఈ ఉద్యోగంలో చేరింది. మూడు నెలలకొకసారి కింది అంతస్తులోని ప్రతి గది తలుపూ తట్టి, లోపలి మనిషికి ఎంత సాయం అవసరమో తేల్చాలి. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవమనేది. గుమ్మం దాకా నడిచి వెనక్కి రమ్మనేది. గుండీలు పెట్టుకోమనేది. మాత్రల డబ్బాలో ఇవాళ్టి అర ఏదో చూపించమనేది. ఒక్కోదానికి ఇన్నని మార్కులు. నూటికి నలభై వస్తే ఉన్న గదిలోనే ఉండవచ్చు. రాకపోతే పై అంతస్తుకు మారాలి. అక్కడ మంచాలకు అడ్డకమ్ములు ఉంటాయి, తలుపులకు లోపలివైపు గడియలు ఉండవు.

ఈ చూపు ఇంటిదాకా వచ్చేది. బస్సుల మెకానిక్కుగా చేసి రిటైరైన భర్త భోజనం ముగించి లేస్తూ, ఈ పూట తనకెన్ని వచ్చాయని ఆటపట్టించేవాడు. ఆమె నవ్వేసేది. కానీ ఆయన చెయ్యి బల్ల అంచుకు ఆనిందో లేదో ఆమె కళ్లు అప్పటికే చూసేసి ఉండేవి.

జ్ఞాపకశక్తికి ఒక పరీక్ష ఉండేది. మొదట మూడు మాటలు చెప్పి, అయిదు నిమిషాల తర్వాత వాటిని తిరిగి అడగాలి. సూది, గొడుగు, వంతెన. ఫారం మీద ఉదాహరణగా అచ్చయిన మాటలవి. మాట మారితే కొలత మారిపోతుందని, నిరుటి మార్కులను ఈ ఏటి మార్కులతో పోల్చడం కుదరదని, పదకొండేళ్లుగా ఆమె వాటినే అడుగుతూ వచ్చింది. అందులో తప్పేముందో ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, నివాసంలో కొత్తగా చేరిన ఒకప్పటి లారీ డ్రైవరు గదికి వెళ్లింది. ఆయన వచ్చి రెండు రోజులే అయింది. ఆమె ఇంకా కూర్చోనైనా లేదు, ఆయన కళ్లు మూసుకుని మూడు మాటలూ వరసగా అప్పజెప్పాడు.

"ఎవరు చెప్పారు మీకివి?"

"ఒకరు చెప్పాలా తల్లీ? ఇక్కడ గోడలక్కూడా వచ్చు."

వరండాలోకి వచ్చి నిలబడింది. అది అందరూ నడుం వాల్చే వేళ. మూసిన తలుపుల వెనక నుంచి ఎప్పుడూ వినిపించే సన్నటి గొణుగుడే వినిపిస్తోంది. పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటారని ఇన్నేళ్లూ దాన్ని పట్టించుకోలేదు. ఈసారి ఒక తలుపుకు చెవి ఆనించింది. సూది, గొడుగు, వంతెన. పక్క తలుపు వెనకా అవే. ఆ పక్కదాని వెనకా అవే, అయితే ఒక్క మాట వెనకబడి.

ఆమె తిన్నగా లిఫ్టు ఎక్కి పైకి వెళ్లింది. అంచనాలు కింద ఉన్నవాళ్లకే కాబట్టి ఆ అంతస్తులో ఆమెకు పని ఉండేది కాదు. ఈ పదకొండేళ్లలో అక్కడికి వెళ్లింది రెండుసార్లు. కిటికీ ఎదురుగా వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టిన మనుషులు ఆమె అడుగుల చప్పుడుకు ఒక్కసారే తలలు తిప్పారు. ఏడాదిగా నోరు విప్పలేదని పై అంతస్తు నర్సు చెప్పిన ముసలావిడ "సూది" అంది. పక్కాయన "గొడుగు" అన్నాడు. మూడో మాట ఆ గదిలో ఎటునుంచి వచ్చిందో మార్కులమ్మ పోల్చుకోలేకపోయింది. చివరి కుర్చీలోని ముసలాయన ఆమె చేతిసంచి పట్టుకుని, అన్నీ సరిగ్గా చెప్పాం కదా, ఇక కిందికి పంపిస్తారా అని అడిగాడు.

భోజనానికి ముందోసారి, తర్వాతోసారి రోజూ ఇదే వరసని, ఏదో పాట కాబోలు అనుకున్నామని నర్సు తేలిగ్గా చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె ఫారాన్ని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివింది. పైకి పంపడానికి ఒక గడి ఉంది. కిందికి తేవడానికి ఏ గడీ లేదు.

మర్నాడు తొమ్మిదో నంబరు గది. అందులో వదిన, ఆడపడుచు. వదిన టెలిఫోను ఆపరేటరుగా, ఆడపడుచు దర్జీగా పనిచేసి రిటైరయ్యారు. మధ్యలో ఉండవలసిన మనిషి, అంటే ఒకరి భర్త, ఇంకొకరి అన్న, పోయి పాతికేళ్లయినా ఇద్దరూ విడిపోలేదు. పెళ్లయిన కొత్తలో ఆడపడుచు తనకు కావాలనే బిగుతు జాకెట్టు కుట్టిందని, ఆనాడు ఆగిన ఊపిరి ఇంకా ఆడటం లేదని వదిన వచ్చినవాళ్లందరికీ చెప్పేది. గుడ్డ చాలకపోతే తన తప్పా, ఒళ్లు తగ్గించుకోవలసిందని ఆడపడుచు అనేది. ఈ ఏడాదిగా ఆ జవాబు రావడం మానేసింది. రెండు వంతులూ వదినే చెప్పుకుంటోంది.

అంచనా ఒక్కొక్కరికి విడిగా జరగాలి, రెండోవాళ్లు బయట ఉండాలి. వదిన గుమ్మం దగ్గర ఆగి, "మాటలు అవేగా?" అంది. మార్కులమ్మ తలుపు వేసింది.

దువ్వెన, పడవ, తాళం అని చెప్పింది. అయిదు నిమిషాలయ్యాక అడిగింది. ఆడపడుచు మెరిసే కళ్లతో, "సూది, గొడుగు, వంతెన" అంది. అని ఊరుకోలేదు. "గురువారం. తిన్నానండి. లేదు, పడలేదు. రాత్రి ఒక్కసారే లేస్తాను. మాత్రలు నేనే వేసుకుంటాను." ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య మార్కులమ్మ తీసుకునేంత విరామం ఇచ్చుకుంటూ, ఎవరూ అడగకుండానే, మూడు నెలల కిందటి జవాబులన్నీ అదే గొంతుతో వినిపించింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆ గొంతు అలాగే సాగేదేమో.

"బయట నిలబడ్డావిడ మీకేమవుతారు?"

ఇది నేర్పని ప్రశ్న. ఆడపడుచు తలుపు వైపు చూసింది.

"ఆవిడా? మీరొస్తే బయటికి వెళ్లే ఆవిడ."

మొత్తం ముప్పై ఒకటి.

వదిన లోపలికి రాగానే ఆ అంకె అడిగి తెలుసుకుంది. కోప్పడలేదు. ఆడపడుచును వరండాలోని కుర్చీలో కూర్చోబెట్టి వచ్చి, తనూ పైకే వెళ్తానంది. పై మంచాలు నలభై రానివాళ్లకేనని, ఆమెకు ఎప్పుడూ ఎనభై దాటుతాయని మార్కులమ్మ నచ్చజెప్పబోయింది.

"అయితే నాది మొదలుపెట్టండి."

వదిన కుర్చీ చేతులు పట్టుకుని రెండుసార్లు లేవబోయి కూలబడింది. గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరగడం మరిచి తలుపును చూస్తూ నిలబడిపోయింది. రెండో గుండీని మూడో కాజాలో దూర్చింది. ఆ వేళ్ల వణుకు, ఆ తడుములాట మార్కులమ్మ కాసేపటి కిందట చూసినవే, మచ్చుకైనా తేడా లేదు. ఏడాదిగా పక్క మంచం మీది నుంచి చూసి చూసి ఆమె వాటిని కంఠతా పట్టింది. మూడు మాటలు అడిగితే, "మీరు నాకేం చెప్పలేదే" అంది.

"కావాలనే చేస్తున్నారని నాకు తెలుసండి," అంది మార్కులమ్మ గొంతు తగ్గించి.

"ఫారంలో దానికి చోటుందా?"

లేదు. కళ్లతో చూసినదే రాయాలి. మార్కులమ్మ సున్నా వేసింది. తన ఉద్యోగంలో తెలిసి రాసిన మొదటి అబద్ధం అదేనని, అందులో ఒక్క అక్షరమూ తప్పు లేదని ఆమెకు ఒకేసారి తోచింది. కూడితే ఇరవై తొమ్మిది. ఇక విడదీసేవాళ్లు లేరు, ఇద్దరూ ఒకే రోజున పైకి వెళ్తారు.

కలానికి మూత పెడుతూ, మనసు తేలిక చేసుకోవడానికి, తెరిచిన తలుపులోంచి వరండా వైపు చూపించింది.

"ఇది రాయనండి, ఊరికే అడుగుతున్నా. ఆవిడ మీకేమవుతారు?"

వదిన అటు చూసింది. నవ్వబోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. చూపు అక్కడే నిలిచిపోయింది. ముఖంలోంచి నటన మెల్లగా దిగిపోయింది, దాని కింద ఉన్నదేమిటో మార్కులమ్మకు అర్థం కాలేదు.

"చెప్పేయండి, మార్కులు వేయడం అయిపోయింది."

"ఉండండి," అంది వదిన, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని. "నోటి దాకా వస్తోంది."