ఫినాయిలు పోసిన అధ్యక్షుడు

మూడో ఫారంలో చదువు నన్ను వదిలేసింది. నేనే దాన్ని వదిలేశానని చెప్పుకుంటూ ఉంటాను గాని, ఆ రోజు ఎవరు హాయిగా ఊపిరి పీల్చుకున్నారో మా పంతులుగారికి బాగా తెలుసు. ఊపిరి మాట వచ్చింది గనుక చెబుతున్నాను. జగ్గయ్యపేటలో ఒక వీధి వీధంతటికీ ఆ ఊపిరే ఆడకుండా చేసిన ఘనుణ్ణి నేను. ముక్కు మూసుకుని చదవండి.

నైజాం సరిహద్దు అవతల గొడవలు ముదిరిన రోజులవి. అవతలి ఊళ్ల చుట్టాలు బండ్లు కట్టుకుని గరికపాడు దాటి మా వీధికి వచ్చేశారు. అయిదుగురుండే ఇంట్లో ఇరవైమంది. బియ్యం చాలాయి, అరుగులు చాలాయి, చాలనివి సెప్టిక్ ట్యాంకులు. ఊరికి కొత్త వింతలైన ఆ ట్యాంకులు మా వీధిలో తొమ్మిది ఇళ్లకు ఉండేవి. తొమ్మిదీ పొంగి కాలవలోకి దారి తీశాయి. శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి నెల గడువిచ్చారు. ఆ తర్వాత ఏ ట్యాంకు పొంగినా, కంపు కొట్టినా మట్టితో పూడ్పించేస్తానన్నారు.

వర్తకాలు చేసుకునే మగవాళ్లం తేలిగ్గా తీసుకున్నాం. ఎదురింటి కామాక్షమ్మ పిన్నికి మాత్రం అన్నం సహించలేదు. నలభై ఏళ్లపాటు తెల్లవారకముందే చెంబు పట్టుకుని ఊరిబయటకు నడిచిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి అరుగు దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

"అది పూడ్చేటప్పుడు నన్నూ అందులోనే వేసి పూడ్చమనరా అబ్బాయ్" అంది. నవ్వుతూనే అంది గాని నాకు నవ్వు రాలేదు.

అలా పుట్టింది మా ట్యాంకుల సంఘం. అధ్యక్ష పదవికి నాకు పోటీగా ఎవరూ నిలబడలేదు. కారణం మీరు ఊహించగలరు. ఆ తొమ్మిదీ కట్టిన సైదులు మేస్త్రి మాకు పని నేర్పాడు. వారానికోసారి మూత తీసి, వెదురుకర్ర దించి, అడుగున మడ్డి ఎంత పేరిందో చూడాలి. ఆ కొలత గోడమీద సున్నంతో గీత గీయాలి. స్నానాల నీళ్లు అరటిచెట్లకు మళ్లించాలి. కొబ్బరిపీచూ బూడిదా అందులో పడేసినవాళ్లని నడివీధిలో నిలబెట్టి అడగాలి. అడగడం నా వంతు. కర్ర పట్టుకుని ఇంటింటికీ వెళుతుంటే జిల్లా కలెక్టరు నా ముందు బలాదూరు. రెండు వారాల్లో కాలవలోకి చుక్క రాలేదు.

బాగున్నదాన్ని బాగుండనిస్తే నేను నేనెందుకవుతాను? ఒకరోజు పిన్ని ట్యాంకు మూత తీసి తొంగిచూస్తే, పైన తెట్టె కట్టి బుడగలొస్తున్నాయి. మాది అంట్లగిన్నె మూడుసార్లు తోమి నాలుగోసారి కడిగే వీధి. అటువంటి వీధిలో సెప్టిక్ ట్యాంకు లోపల ఇంత మురికా అని నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వకండి, ఇంకా ఉంది. మర్నాడే బస్సెక్కి నందిగామ వెళ్లి ఫినాయిలు డబ్బాలు తెచ్చాను, ఇంటికి రెండు చొప్పున.

"ఏంట్రా పోస్తున్నావు?" అంది పిన్ని.

"ఫినాయిలు పిన్నీ. రేపటినుంచి నీ వంటింటికంటే ఇదే శుభ్రం."

"మేస్త్రిని అడిగావా?"

"ఇటుకలు పేర్చేవాడికి శుభ్రం సంగతేం తెలుసు?"

మూడు రోజులు వీధంతా ఆస్పత్రి వాసన వేసింది. నేను మీసం దువ్వుకున్నాను. అయిదో రోజున తొమ్మిది ట్యాంకులూ కూడబలుక్కున్నట్టు తిరగబడ్డాయి. ఆ కంపుని నేను వర్ణించను, మీరు భోంచేసి ఉంటారు. సరిహద్దు అవతలే నయమనుకుని ఒక చుట్టం మూట కట్టుకున్నాడు. పిన్ని తలుపేసుకుంది. అది అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది నాకు.

సైదులు వచ్చి, మూత తీసి, వాసన చూశాడు.

"ఏం పోశారయ్యా?"

చెప్పాను.

"లోపల కంటికి కనపడని పురుగులుంటయ్. మురుగుని తిని నీళ్లు చేసే పని వాటిదే. తమరు కూలోళ్లందర్నీ చంపేసి పనెందుకు కాలేదంటున్నారు."

ట్యాంకులు తోడేవాళ్లని పిలిపించబోయాను. సైదులు అడ్డం తిరిగాడు.

"పోసింది తమరు. తోడేది వాళ్లా?"

గోచీ బిగించాను. ఆశ్చర్యమేమిటంటే, నా వెనకే సంఘంలోని మిగతా వర్తకులూ బాల్చీలు పట్టుకుని వచ్చారు. గల్లాపెట్టె ముందు తప్ప ఎక్కడా వంగని నడుములు ఆ వారం పిన్ని దొడ్డితో మొదలుపెట్టి తొమ్మిది దొడ్లలోనూ వంగాయి. తోడినదంతా ఊరవతల గొయ్యి తీసి కప్పాం. తర్వాత సైదులు చెప్పిన మందు, ట్యాంకుకు నాలుగు బాల్చీల పేడనీళ్లు. చచ్చిన పురుగుల స్థానంలో కొత్త పురుగుల్ని కాపురం పెట్టించడమన్నమాట. చిల్లకల్లునుంచి వచ్చే ప్రతి బండెద్దు వెనకా గంప పట్టుకుని నేను నడిచిన నడక ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గడువునాటికి కంపు పోయింది. ఇన్‌స్పెక్టరుగారు వచ్చేసరికి ఆఖరి బాల్చీ పోస్తున్నాను. ఆయన తొమ్మిది మూతలూ తీయించారు. రుమాలు జేబులోనే ఉంది. గోడలమీది సున్నం గీతల దగ్గర ఆగి, ఇవి ఎవరు గీశారని అడిగి, తన పుస్తకంలో రాసుకున్నారు. మిగతా వీధులవాళ్లు ఇక్కడికొచ్చి నేర్చుకోవాలని అందరి ఎదుటా అన్నారు. పిన్ని అరుగుమీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. పరీక్ష పాసవడం ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

ఆ ఊపులో నేను వీధి మధ్య నిలబడి, మోచేతిదాకా పేడ అంటిన కుడిచెయ్యి ఆకాశంలోకి ఎత్తి, గొంతు సవరించుకున్నాను. నా కంఠంలో ప్రాణముండగా పనిచేసుకునే ప్రాణి జోలికి, అది కంటికి కనబడినా కనబడకపోయినా, శుభ్రం పేరుతో వెళ్లనని సూర్యుడి సాక్షిగా ఒట్టు పెట్టాను.

"ఒట్టు బాగుంది గాని, ఆ చెయ్యి దించి మాట్లాడు నాయనా" అంది పిన్ని. "గాలి ఇటే కొడుతోంది."