తలుపు పక్కన నా పేరు

ఆరేళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

కువైట్‌లోని షువైఖ్‌లో మా గ్యారేజీ ఉన్న పాత షెడ్ల వరుసని కూల్చేస్తారనగా, అక్కడి చరిత్ర సేకరిస్తున్న ఒక కువైటీ ఆవిడ వచ్చింది. మా ఇనుప తలుపు ముందు ఆగిపోయింది. లారీల పాత కమాను పట్టీలు వంచి, దానిమీద తెరచాప పడవలు వరుసగా అతికించాడు ఓబులేసు బాబాయ్. కడప మనిషి. నాకు వెల్డింగ్ నేర్పింది ఆయనే.

ఎవరు చేశారని ఆవిడ అడిగింది. నేనే అన్నాను.

ఎందుకన్నాను? బాబాయ్ వీసా ఇచ్చిన యజమానిని, కఫీల్‌ని, వదిలి వచ్చేసిన మనిషి; ఇక్కడ ఉండటానికి అనుమతి కార్డు, ఇఖామా, లేదు. అందుకే ఆయన చేసిన పని గురించి ఎవరడిగినా నా పేరే చెప్పేవాళ్ళం. తొమ్మిదేళ్ళ అలవాటు, నోరు జారిందని సర్దుకోవచ్చు. కానీ అప్పటికి ఆయన సర్కారు ప్రకటించిన క్షమాభిక్షలో ఇంటికెళ్ళిపోయి ఏడాది దాటింది. ఇంక ఎవరికి భయపడాలి? పైగా ఆవిడ రాసుకుంటుంటే నా పేరు అక్షరం అక్షరం చెప్పాను. ఫొటోకి చొక్కా దులుపుకుని నిలబడ్డాను. అది అలవాటా? కాదు, ఆశ. ఇన్నేళ్ళూ ఈ దేశంలో నా పేరు ఇఖామా కార్డు మీద తప్ప ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ తలుపు ఒక ప్రదర్శనశాలలో ఉంది, చేసినవాడిగా పక్కన నా పేరుతో. సంగతి ఎవరో చెబితే బాబాయ్ ఫోన్ చేశాడు.

“మన తలుపు పెట్టినారంట గదా అబ్బోడా. నా పేరేమన్నా రాసినారా?”

“రాశారు బాబాయ్. ఇంటిపేరుతో సహా.”

“ఇంటిపేరు గూడానా! ఒక ఫొటో తీసి పంపు. ఈడ ఎవురూ నమ్మరు.”

“లోపల ఫొటోలు తియ్యనివ్వట్లేదు బాబాయ్.”

తర్వాత కూడా చాలాసార్లు అడిగాడు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాను. ఈమధ్య అడగడం మానేశాడు. తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది అని మాత్రం అడుగుతాడు. తెలిసిపోయిందా? తెలిసీ నా పరువు కాపాడుతున్నాడా? అది తలచుకుంటే అన్నం సయించదు.

ఆవిడ నంబరు నా దగ్గరే ఉంది. ఒక్క మాట చాలు. ఇంకా చెప్పలేదు. భయపడి కాదు, ఆ పేరు వదులుకోలేక. సిగ్గుగా ఉంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇంతవరకు రాశాక మాత్రం గుండె కాస్త తేలికైంది.

ఆ పడవలు చేసింది ఓబులేసు. నేను పక్కన కూర్చుని వెల్డింగ్ రాడ్లు అందించాను, అంతే.