రాయగలిగాను, చదవలేకపోయాను

ఆ సోమవారం పొద్దున మెయిల్ సంచి విప్పి మొదటి కవరు చేతిలోకి తీసుకున్నాను. దాని మీద ఉన్నది ఏ భాషో తెలియలేదు. రెండోదీ అంతే. మొగుళ్లపల్లి దగ్గర మా ఊళ్ళో పదకొండేళ్ళుగా బ్రాంచి పోస్టుమాస్టరుగా చేస్తున్నాను. ఇక్కడికి వేరే భాష ఉత్తరాలు ఎందుకొస్తాయి? గోడమీది క్యాలెండర్ చూశాను. అంకెలు తెలిశాయి, వారాల పేర్లు తెలియలేదు.

బల్లమీద నవల ఉంది, ముందురోజు సాయంత్రం వరకు చదివింది. నాలుగు భాగాల నవలలో అది మూడోది. వానను కూడా సర్కారు కొలిచి పోసే నగరం, అందులోంచి పారిపోవాలని చూసే పిల్లలు. మా వీధిలో డిగ్రీ చదువుతున్న మౌనిక తెప్పించింది. పిల్లల పుస్తకమని తీసిపారేసిన నేనే, మొదటి భాగం రెండు రోజుల్లో ముగించాను. పోస్టాఫీసుకు వచ్చినప్పుడల్లా ఎవరు ద్రోహి అన్న దానిమీద ఇద్దరం గొడవపడేవాళ్ళం. తనకు హీరోయిన్ అంటే పిచ్చి. నాకేమో పిల్లలను దొంగచాటుగా గోడ దాటించే ముసలి కాపలామనిషి కమల ఇష్టం.

ఆ పుస్తకం తెరిస్తే పేజీ నిండా గీతలే. కాగితం మీద నా పేరు, ఊరి పేరు రాసి చూశాను. చెయ్యి ఎప్పటిలాగే నడిచింది. రాసింది చదవబోతే రాలేదు.

కళ్ళజోడు మార్చాలనుకున్నాం. రెండో రోజు మా ఆయన భూపాలపల్లిలో కంటి పరీక్షకు తీసుకెళ్ళాడు. అక్కడి అతను ఒక్కో కన్ను మూయించి చూసి, జోడు సంగతే ఎత్తలేదు.

“కండ్లల్ల ఏం లేదమ్మా. రెండిటికీ కుడిపక్కనే కనబడ్తలేదు. ఇయ్యాల్నే పెద్ద దవాఖానకు పోండ్రి,” అన్నాడు.

వరంగల్‌లో ఎమ్మారై, ఈసీజీ, ఎకో తీశారు. న్యూరాలజిస్టు మేడమ్ ఫిల్ము చూపించి, మెదడు వెనక ఎడమవైపు ఇన్‌ఫార్క్ట్, అంటే రక్తం అందక దెబ్బతిన్న చోటు, ఉందని చెప్పింది. ఇది స్ట్రోకే అంది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి కదా అన్నాను. పడిపోతేనే స్ట్రోక్ కాదని, మొదటి కొన్ని గంటల్లో వచ్చి ఉంటే ఇంజెక్షన్‌కు వీలుండేదేమోనని చెప్పింది. నా జబ్బు పేరు అలెక్సియా వితౌట్ అగ్రాఫియా అట, రాయడం వస్తుంది, చదవడం రాదు. మరిచిపోతానని కాగితం మీద రాసిమ్మన్నాను. ఇచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

బీపీ మాత్రలు, ఆస్పిరిన్‌తో ఇంటికి వచ్చాం. బుక్కులు చదివి చదివే నరం దెబ్బతిన్నదని మా అత్తమ్మ నవలలన్నీ బియ్యం డబ్బా వెనక దాచింది. మౌనికను కూడా చదవనివ్వొద్దని వాళ్ళమ్మకు చెప్పి వచ్చింది. తర్వాతి చెకప్‌లో మా ఆయన అదే అడిగితే మేడమ్ నవ్వలేదు. “పుస్తకాలతో స్ట్రోక్ రాదు. చూపించుకోని బీపీతో వస్తుంది,” అంది. పుస్తకాలు బయటికి వచ్చాయి.

మధ్యాహ్నాలు మౌనిక చదివేది, నేను వినేదాన్ని. వినడానికి నా మెదడుకు ఏ ఇబ్బందీ లేదు. ఆ గంట మాత్రం నేను మునుపటి మనిషినే. మూడో భాగం అయిపోయింది. నాలుగో దాంట్లో ఒకచోట పిల్లలు కమల సమాధి దగ్గర దీపం పెట్టారు.

“కమల సచ్చిపోయిందా? ఎప్పుడు?” అన్నాను.

మౌనిక తల ఎత్తకుండానే పేజీ తిప్పింది. “చదివినం కదక్కా. నువ్వు యాది మరిచినవేమో.”

నాకు ఒక్క ముక్క గుర్తులేదు. కమల కొండ దాటి వెళ్ళిపోయిందని విన్నట్టే గుర్తు. ఆ రోజు నుంచి నా మీద నాకు నమ్మకం పోయింది. మాత్ర వేసుకున్నానా? పొయ్యి ఆర్పానా? మా ఆయన మాత్రల పట్టీ చూసి వేసుకున్నావని చెప్పినా అనుమానమే. మేడమ్‌కు చెబితే ఐదు మాటలు చెప్పి కాసేపాగి అడిగింది. అన్నీ చెప్పాను. మళ్ళీ ఎమ్మారై తీస్తే కొత్త దెబ్బ ఏమీ లేదు. “మెమరీ బాగుంది. ఇదొక్కటే ఎందుకు పోయిందో నాకూ అర్థం కావడం లేదు,” అంది. ఆ మాటతో ఇంకా భయపడ్డాను.

స్పీచ్ థెరపిస్టు నాకు ఒక పద్ధతి నేర్పింది: అక్షరం మీద వేలితో గీయాలి. కన్ను గుర్తుపట్టలేనిదాన్ని చెయ్యి గుర్తుపడుతుంది. ఒకటో తరగతి వాచకంతో సాధన చేస్తున్నాను. దాన్ని పక్కనపెట్టి మూడో భాగం చివరి అధ్యాయాలు తీశాను. మూడు అక్షరాల మాట కోసం పేజీలన్నీ వేలితో వెతికాను. క. మ. ల. దొరికిన చోటల్లా ఆగి పక్క మాట గీశాను. నాలుగో రోజు సాయంత్రం ఒక వాక్యం పూర్తయింది. కమల కన్ను మూసింది. అంచున పెన్సిల్‌తో ఏదో ఉంది. చేతిరాత మరీ కష్టం, అయినా వదల్లేదు. ‘ఇది అక్కకు చదవొద్దు.’

మర్నాడు మౌనికకు పేజీ చూపించాను.

“నీ పాణం బాగలేదు కదక్కా. గామె సచ్చిపోయిందంటే ఏడుస్తవని అది వదిలేసి, కొండ దాటి పోయిందని చదివిన. దొరికిపోయినంక ఏం జెప్పాల్నో తెల్వక, చదివినం అన్న.”

“కమల పోతే ఒక్క పూట ఏడుస్తుంటి. నువ్వు చదివినం అన్నవ్ చూడు, గప్పటి సంది నా తలకాయ నాది కాదనుకున్న.”

అది ఏడ్చింది. నేను ఏడ్వలేదు. నా మతి నాకు తిరిగొచ్చింది. అంతకంటే నాకేం కావాలి?

ఇప్పుడు ఏడాది దాటింది. ఉత్తరాలపై పేర్లు వేలితో గీసి నేనే చదువుతున్నాను. ఒక్కో కవరుకు రెండు నిమిషాలు పడుతుంది, ఊరివాళ్ళు ఆగుతున్నారు. కుడివైపు ఇంకా కనబడదు కాబట్టి వరుస చివర ఎడమచేతి వేలు అడ్డం పెట్టుకుంటాను. నాలుగో భాగం ఈ నెలలో మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి నా అంతట నేనే. మౌనిక పక్కన కూర్చుని, ముందేం జరుగుతుందో చెప్పకుండా ఉండలేక సతమతమవుతుంది.

మీ ఇంట్లో మెదడుకు దెబ్బ తగిలిన మనిషి ఉంటే ఒక్కటి చేయండి. వాళ్ళకు ఏదైనా చదివినా, చెప్పినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వాళ్ళు “ఇట్ల జరిగిందా?” అని అడిగినప్పుడు, జరగనిదాన్ని జరిగిందనకండి.