చెంబెడు ఉప్పునీళ్ళు

మీ డాక్టరు వెనక గోడకు వేలాడే పట్టా మీద ఏ సంవత్సరం ఉందో ఎప్పుడైనా చదివారా? ఆ సంవత్సరం తర్వాత ఈయన కొత్తగా ఏం నేర్చుకున్నాడు, పాతది ఏం వదిలేశాడు అని ఒక్కసారైనా అడిగారా? అడగలేదు. నాకు తెలుసు. జమ్మలమడుగులో నా క్లినిక్ గోడ మీదా ఒక పట్టా ఉంది. చెదలు తింటే దాని చట్రం రెండుసార్లు మార్చాను. ఇన్నేళ్ళలో నన్నూ ఎవరూ అడగలేదు.

నేను మిషను బడి పంతులు కొడుకుని. ప్రసంగాలు వింటూ పెరిగి, ప్రసంగాలను ఎదిరిస్తూ పెద్దవాణ్ణయ్యాను. వారంలో ఆరు రోజులు రోగులు, ఏడో రోజు హేతువాద సభలు. దయ్యాలు, తాయెత్తులు, మంత్రాలు, వీటి మీద నా నోరు ఎంత దురుసుగా లేచేదో ఈ చుట్టుపక్కల పల్లెలకు తెలుసు.

గండికోట దారిలో ఒక పల్లెలో, దయ్యం పట్టిందని ఒక పిల్లను గుంజకు కట్టేసి చింతబరికెతో కొడుతున్నారని తెలిసి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి పిల్ల అరవడం కూడా మానేసింది. వీపు మీద తోలు లేచి, రవిక నెత్తురుతో ఒంటికి అంటుకుపోయింది. బరికె లాక్కుని విరిచేశాను. మంత్రగాడు జంకలేదు.

"నువ్వెవురప్పా అడిగేదానికి? ఇరవై ఏండ్లుగా చేస్తాండా. నా చేతిలో ఒక్కరన్నా సచ్చినారేమో ఊర్లో అడుగు."

"నీ చేతిలో యాడ సస్తారు? ఇంటికి పోయినాక సస్తారు. ఆడికి పోయి చూసినావా ఎప్పుడన్నా?" అన్నాను.

జనం గొల్లున నవ్వారు. మంత్రగాడు తల దించుకున్నాడు. ఆ ఒక్క మాటను ఆ తర్వాత ఎన్ని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నానో లెక్కలేదు.

ఇప్పుడు నా క్లినిక్‌లోకి రండి. అవే రోజులు, అదే చెయ్యి.

పురుగుమందు తాగినవాళ్ళను ట్రాక్టరులో, మంచం మీద మోసుకొచ్చేవాళ్ళు. నలుగురు కాళ్ళూ చేతులూ అదిమి పట్టేవాళ్ళు. నేను దవడలు విడదీసి గరిటె కాడ దూర్చేవాణ్ణి. పన్ను విరిగినా ఆపేవాణ్ణి కాదు. కల్లుప్పు కలిపిన నీళ్ళు చెంబు తర్వాత చెంబు గొంతులోకి దిమ్మరించేవాణ్ణి. ఆ మనిషి ఉక్కిరిబిక్కిరై, కళ్ళు తేలేసి, ముక్కులోంచి నోట్లోంచి కక్కేదాకా అదే పని. ఆడమనిషైతే చెంప మీద ఒకటి వేసి "మళ్ళీ తాగుతావా?" అని అడిగేవాణ్ణి. బంధువులు తృప్తిగా తలలు ఊపేవాళ్ళు. చదువుకునే రోజుల్లో మా పెద్ద డాక్టరు చేస్తుంటే చూసి నేర్చుకున్న వైద్యం అది. కక్కించాక అంబులెన్సు ఎక్కించి, చీటీ మీద "ఉప్పునీళ్ళు ఇచ్చి, వాంతి చేయించి పంపుతున్నాను" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. బండి వీధి మలుపు తిరిగితే నా పని అయిపోయినట్టే. నా క్లినిక్‌లో మందు తాగినవాళ్ళు ఒక్కరూ చావలేదని కాలరెగరేసి చెప్పుకునేవాణ్ణి. అది అబద్ధం కూడా కాదు.

ఒక ఆదివారం ప్రొద్దుటూరులో ఒక హోటలు మేడ మీద సీఎంఈ పెట్టారు. ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లకు, వైద్యంలో మారిన సంగతులు చెప్పే తరగతి అది. ఇన్ని గంటలు విన్నట్టు కాగితం చూపిస్తేనే మా రిజిస్ట్రేషన్ రెన్యువల్ అవుతుంది. అందుకని అందరూ వస్తారు, సంతకం పెట్టి బంగారు అంగళ్ళ వైపు పోతారు. నా పక్కనున్న డాక్టరు రాని ముగ్గురు మిత్రుల సంతకాలు మూడు రకాలుగా గీశాడు.

"నా రాత ఎవరికీ అర్థం కాదని మా కాంపౌండరు తిడ్తాంటాడు. ఈ పొద్దు పనికొచ్చింది చూడు మామా," అన్నాడు. నేనూ నవ్వాను.

పాఠం చెప్పడానికి వచ్చింది పులివెందులలో ఒక పెద్దాసుపత్రి ఐసీయూ చూసే డాక్టరు. ముప్పై దాటని పిల్ల. ప్రొద్దుటూరులోనే బట్టలు కుట్టే సాయిబు కూతురట. తెర మీద బొమ్మలు వేసి, మొదటి మాటే సూటిగా చెప్పింది: పురుగుమందు తాగినవాళ్ళకు ఉప్పునీళ్ళు పోయడం ఆపండి. మగతలో ఉన్న మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పు ఒంట్లో ఎక్కువై మెదడునూ దెబ్బతీస్తుంది. ముందు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, శ్వాస నిలబెట్టండి, విరుగుడు మొదలుపెట్టి పంపండి.

నేను లేచాను.

"ఇరవై ఏండ్లుగా చేస్తాండానమ్మా. అప్పుడు నువ్వు పలక పట్టుకోని బడికి పోతాంటివి. నా చేతిలో ఒక్కరన్నా సచ్చినారేమో జమ్మలమడుగులో అడుగు."

చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఎవరో, "సార్ అనుభవం ముందర నీ బొమ్మలెంత పాపా! బిర్యానీ సల్లారిపోతాంది, ముగించు," అని కేకేశారు.

ఆ పిల్ల గొంతు పెంచలేదు. "మీ చేతిలో సావరు సార్. మా దగ్గరికొచ్చి సస్తారు. మీ చీటీ నాకు బాగా గుర్తు. వాళ్ళేమైనారని ఒక్కసారన్నా ఫోన్ చేసి అడిగినారా?"

నా కుర్చీని వెనక్కి తోసేశాను. వేదిక ఎక్కి ఆమె చేతిలో మైకు లాక్కున్నాను. ఏం అరిచానో ఇక్కడ రాయను. ఆడపిల్లల చదువు గురించి అంతకుముందు నెలలోనే ఉపన్యాసమిచ్చిన నోరు అది. ఆమె తన కంప్యూటరు సంచిలో పెట్టుకుని, అన్నం తినకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. సాయంత్రం నాకు సర్టిఫికెట్టు ఇచ్చారు. బంగారు అంగళ్ళకు పోయినవాళ్ళకూ అదే ఇచ్చారు, అన్నే గంటలు.

రెండు వారాలు తిరగలేదు. పొద్దున పది గంటల వేళ క్లినిక్ ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఎనిమిది మంది అరుస్తూ ఒక ఆడమనిషిని మోసుకొచ్చారు. ముప్పై ఏళ్ళ లోపే ఉంటుంది. జుట్టూ జాకెట్టూ నీళ్ళతో తడిసి ముద్దయ్యాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. గొంతులో గురగుర. ఆమె అన్న చేతిలో స్టీలు చెంబు ఉంది.

"మందు తాగింది సార్. ఇంట్లో రెండు చెంబులు ఉప్పునీళ్ళు తాపినాం, దావలో ఒకటి. కక్కలే. నువ్వు పొయ్యి, నీ చేతికైతే కక్కుతాది."

"మిమ్మల్ని ఎవురు పొయ్యమన్నారు?"

అతను నన్ను వింతగా చూశాడు. "ఏంది సార్ అట్లంటావు? ఆరేండ్ల కింద మా నాయనకు నువ్వే గదా పోసింది? కాళ్ళు పట్టుకునింది నేనే గదా? మా ఊర్లో ఎవురు మందు తాగినా ఇప్పుడు నేనే పోస్తాండా. నీ మాదిరే, గరిటె పెట్టి."

గర్వంగా చెప్పాడు. నా శిష్యుడు.

చెంబును చేత్తో కొట్టాను. నీళ్ళు నేల మీద పారాయి. "ఇంక సుక్క పోయగూడదు," అంటూ ఆమెను పక్కకు తిప్పాను.

"మా చెల్లెల్ని సంపుతాండావా!" అంటూ ఆమె అన్న నా చొక్కా పట్టుకున్నాడు. చెంబు ఎత్తి నుదుటి మీద కొట్టాడు. కనుబొమ్మ చిట్లి కంట్లోకి నెత్తురు దిగింది. ఇంకొకడు వీపు మీద తన్నాడు. బల్ల పడింది, సెలైను సీసాలు పగిలాయి, పట్టా గోడ నుంచి ఊడి అద్దం ముక్కలైంది. మా నర్సు, "పట్టుకోండప్పా వాణ్ణి, సార్ పని చేయనీండి!" అని అరుస్తూ నాకూ వాళ్ళకూ మధ్య అడ్డం నిలబడి దెబ్బలు తింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని, సక్షన్ గొట్టంతో ఆమె గొంతులోని నీళ్ళు లాగాను. విరుగుడు ఇంజెక్షను మొదలుపెట్టాను. ప్రొద్దుటూరులో వెంటిలేటరు ఖాళీ లేదని ఫోనులో చెప్పారు. పులివెందులలో ఉందన్నారు.

ఆ రోజు మొదటిసారి నేనూ అంబులెన్సు ఎక్కాను. ముద్దనూరు మీదుగా దారి పొడుగునా బ్యాగు నొక్కుతూ ఆమెకు గాలి కొడుతూనే ఉన్నాను. ఎదురుగా అన్న కూర్చున్నాడు. చెంబు ఇంకా వదల్లేదు.

ఐసీయూలో ఆ యువ డాక్టరే ఉంది. క్షణంలో గొట్టం వేసి వెంటిలేటరు తగిలించింది. అప్పుడు నన్ను చూసింది.

"ఎన్ని చెంబులు?"

"మూడు. నేను పోయలేదు."

"మరి ఎవురు నేర్పినారు సార్?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. నర్సును పిలిచి, నా కనుబొమ్మకు కుట్లు వేయమంది.

మూడు రోజులు అక్కడే ఉన్నాను. నా చీటీలు చేరే చోటు అది. నా బండి మలుపు తిరిగాక మిగిలిన కథ అక్కడ మంచాల మీద ఉంది. మూడో రోజు మధ్యాహ్నం మేము తెచ్చినామె చనిపోయింది. "తాగిన మందు కొంచెమే సార్. దానికి విరుగుడు పనిచేసింది. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళే తీసుకుపోయినాయి," అంది డాక్టరు.

శవాల గది బయట అన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. "ఇంకొక్క చెంబు పోయనిచ్చింటే మా చెల్లెలు బతికేది. నువ్వు పారబోస్తివి," అన్నాడు.

ఊరుకుని ఉండవచ్చు. తిట్టించుకుని ఇంటికి పోవచ్చు. నిజం చెబితే సొంత చెల్లెల్ని తానే ముంచానని అతనికి తెలుస్తుంది. చెప్పకపోతే రేపు ఆ ఊళ్ళో ఇంకొకరి నోట్లో గరిటె పెడతాడు.

చెప్పాను. "ఆ నీళ్ళే సంపినాయప్పా. నీకు నేర్పినోణ్ణి నేను. తప్పు నాది."

"మరి మా నాయన బతికె గదా?"

"మీ నాయన ఆ నీళ్ళవల్ల బతకలేదు. ఆ నీళ్ళు పోసినా బతికినాడు."

అతను వేళ్ళు ఒక్కొక్కటే ముడవడం మొదలుపెట్టాడు. తన చేత్తో నీళ్ళు తాపినవాళ్ళను తలచుకుంటున్నాడని నాకు అర్థమైంది. నాలుగో వేలు దగ్గర ఆగి, చెంబుతో తన తల తానే పగలగొట్టుకోసాగాడు. అడ్డుపడితే నా చెయ్యి కొరికాడు. వదల్లేదు నేను. ఇద్దరం నేల మీద పడ్డాం. నెత్తురు ఎవరిదో తెలియలేదు. ఆ పంటి గాటు నా మణికట్టు మీద ఇప్పటికీ ఉంది. కొత్త అద్దం వేయించిన పట్టా కంటే దాన్నే ఎక్కువసార్లు చూసుకుంటాను.

నేనూ నా వేళ్ళు ముడవాలని చూశాను. నావి చాలవు.

ఆ వారంలోనే ఆ డాక్టరుకు ఫోను చేసి క్షమాపణ అడిగాను. "నాకెందుకు సార్? తర్వాతి సీఎంఈలో ఆ మైకు పట్టుకోని చెప్పండి," అంది. చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సగం కుర్చీలు ఖాళీ, సంతకాలు మాత్రం నిండుగా ఉన్నాయి. అందుకే డాక్టర్లకు చెప్పడం మాని మీకు చెబుతున్నాను.

రేపు పొద్దున మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జబ్బు లేకపోయినా వెళ్ళండి. గోడ మీది సంవత్సరం చదవండి. ఈ ఏడాది కొత్తగా ఏం నేర్చుకున్నావు, పాతది ఏం మానేశావు, నువ్వు పంపిన రోగి ఏమయ్యాడో కనుక్కున్నావా అని ఎదురుగా నిలబడి అడగండి. కోపం వస్తే రానీయండి. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా పురుగుమందు తాగితే నోట్లో ఏమీ పోయకండి, కక్కించకండి, కొట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మందు పడిన బట్టలు తీసేసి, ఆ డబ్బా చేత పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ తెల్లకోటు వేసుకున్నవాడు చెంబు ఎత్తితే, ఆ చెంబు లాక్కోండి. ఆ కోటులో ఉన్నది నేనైనా సరే, లాక్కోండి.